స్వెట్టరు అల్లుకున్న వారం

మా అత్తగారింట్లో నాకంటే నా కుడిచేతికే పేరెక్కువ. రాగిసంగటి కెలికి పొయ్యి మీంచి దించగానే, ఇంకా పొగలు కక్కుతుండగానే, చన్నీళ్ళలో చెయ్యి ముంచి ముద్దలు కట్టేసేదాన్ని. మిగతా ఆడవాళ్ళు కాస్త ఆరనిస్తారు, లేదంటే గిన్నెలో వేసి ఆడించి ముద్ద చేస్తారు. నాకు ఆ అవసరమే రాలేదు. ఇంటికి చుట్టాలొస్తే మా అత్త వాళ్ళను వంటింటి గడప దాకా పిలిచి మరీ చూపించేది.

"సూడండమ్మా, సూడండి. బళ్ళో పాఠాలు సెప్పే పిల్లకి సంగటేం సేతనవుతాదని అంటిరే. కాలతా ఉండేదాన్ని ఎట్ల ముద్ద కడతా ఉండాదో సూడండి. ఆ సెయ్యి ఆ మాదిరిది."

నేను మురిసిపోయేదాన్ని. పంతులమ్మకు పనిపాటలు రావనుకునే వాళ్ళ నోళ్ళు మూయించినట్టుండేది. ఇప్పుడు 2007లో కూర్చుని ఇది రాస్తుంటే ఆ మురిపెం తలుచుకుని ఒళ్ళు జలదరిస్తోంది. ఎందుకో వరసగా చెప్తాను.

నా పేరు శారద. పుంగనూరులో ఒక బళ్ళో తెలుగు చెప్తాను. మా ఆయన మునిరత్నం ఆఫీసు గుమాస్తా. అత్త మాతోనే ఉండేది. మాకు ఒక్కతే కూతురు, హేమ.

1999 దసరా సెలవుల్లో కుప్పంలో మా ఆడబిడ్డ గిరిజ కొత్త ఇంటికి స్లాబు వేస్తున్నారని మా వాళ్ళు ముగ్గురూ వారం రోజులకు బయల్దేరారు. నాకు దిద్దాల్సిన పేపర్లు కట్టలకొద్దీ ఉన్నాయని చెప్పి నేను ఉండిపోయాను. అది అబద్ధం. పేపర్లు సెలవులకు ముందే దిద్దేశాను. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఒక్క వారమైనా ఎవరికీ వడ్డించకుండా, ఎవరి బట్టలూ జాడించకుండా, కాళ్ళు చాపుకుని కూర్చోవాలని నా ఆశ. అలా ఆశపడడం తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

ఎంత బాగుండిందో ఆ వారం! బయట ముసురు. గ్రంథాలయంలో నా కార్డు మీద రెండు, మా ఆయన కార్డు మీద రెండు, మొత్తం నాలుగు లావుపాటి నవలలు తెచ్చుకున్నాను. పొద్దున కాఫీ తాగి వరండాలో కుర్చీ వేసుకుని, ఎదురుగా స్టూలు మీద పుస్తకం తెరిచి, పేజీలు ఎగరకుండా కళ్ళజోడు డబ్బా పెట్టి, ఒళ్ళో ఊలుబుట్ట పెట్టుకుని కూర్చునేదాన్ని. కళ్ళు నవల మీద, చేతులు అల్లిక మీద. పేజీ తిప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం అల్లిక ఆగేది. మూడో రోజు ఎదురింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "ఏం టీచరమ్మా, పొయ్యి వెలిగించినావా లేదా?" అంటే, కాఫీకి తప్ప వెలిగించలేదని గర్వంగా చెప్పాను. మొదటి రోజు చారన్నం, రెండో రోజు కూడా చారన్నమే. మూడో రోజు మరమరాలు, అరటిపండు.

అల్లిక నేను మదనపల్లెలో ట్రైనింగు చదివేటప్పుడు హాస్టలు వార్డెనమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఊలు దారాన్ని కుడిచేతి చిటికెనవేలికి ఒక చుట్టు చుట్టి, పక్క వేళ్ళ కిందుగా తెచ్చి, చూపుడువేలితో సూది మీదికి వేయాలి. దారాన్ని బిగబట్టేదీ వదిలేదీ ఆ చిటికెనవేలే. అది పట్టు తప్పితే అల్లిక వలలాగా అయిపోతుందని వార్డెనమ్మ వేలి మీద తట్టి చెప్పేది. నా అల్లిక బిగువుగా, ఒకే తీరుగా ఉంటుందని హాస్టలంతా మెచ్చుకున్నారు.

ఆ వారం అల్లుతున్నది హేమకు పసుప్పచ్చ స్వెట్టరు. వీపు భాగం కిందటేడు చలికాలంలోనే అయిపోయింది. తర్వాత ఇంటిపనిలో పడి పక్కన పెట్టేశాను. ఇప్పుడు ఛాతీ భాగం. అవే సూదులు, అదే అంగట్లో కొన్న అదే రంగు ఊలు, అవే తొంభై రెండు కుట్లు.

నాలుగో రోజుకు ఛాతీ భాగం పూర్తయింది. మంచం మీద వీపు భాగం పరిచి దాని మీద దీన్ని పరిచాను. రెండు పక్కలా రెండేసి వేళ్ళ వెడల్పున బయటికి వచ్చింది. కుట్లు లెక్కపెట్టాను. తొంభై రెండే. మళ్ళీ లెక్కపెట్టాను. పైగా అక్కడక్కడా కుట్లు వదులై, వేలు దూరేంత సందులు. మదనపల్లె అంగడాయన పల్చటి ఊలు అంటగట్టాడని వాణ్ణి కడుపారా తిట్టుకున్నాను. అంతలోనే నవలలో విలన్ చచ్చిపోయే ఘట్టం వచ్చింది, ఆ కోపం కాస్తా అటు పోయింది.

ఐదో రోజు మధ్యాహ్నం రెండు భాగాలనూ కలిపి కుట్టడానికి కూర్చున్నాను. దీనికి పెద్ద బెజ్జం ఉన్న మొద్దు సూది కావాలి. అది కనబడక గోనెలు కుట్టే సన్న దబ్బనం తీసుకున్నాను. నవల ఆఖరికి వచ్చింది. పెళ్ళాన్ని అనుమానించి వెళ్ళగొట్టిన మొగుడు తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె తలుపు తీస్తుందా తియ్యదా అని ఊపిరి బిగబట్టి చదువుతున్నాను. పేజీ తిప్పబోతే కాగితం మీద ఎర్రటి మరక అంటింది.

చూస్తే పసుప్పచ్చ ఊలు మీద కూడా నెత్తురు. ఎక్కణ్ణించి వచ్చిందో అర్థం కాలేదు. పెదవి కొరుక్కున్నానేమోనని తడుముకున్నాను. కాళ్ళు చూసుకున్నాను. చివరికి కుడిచెయ్యి తిప్పి చూస్తే దబ్బనం మొన నా చిటికెనవేలి కండలోకి దిగి ఉంది. అలాగే ఉంచుకుని ఎంతసేపటి నుంచి చదువుతున్నానో తెలియదు. పట్టుకుని లాగాను. వచ్చేసింది. నొప్పి లేదు.

నొప్పి లేకపోవడం అంత భయంగా ఉంటుందని అప్పుడే తెలిసింది. తర్వాత వంటింట్లోకి పోయి గ్లాసులో వేడినీళ్ళు పోసి ఎడమచేత్తో పట్టుకుని, అబ్బా అని కింద పెట్టేశాను. అదే గ్లాసును కుడిచేతి చిటికెనవేలు, ఉంగరపువేలు ఆనించి పట్టుకున్నాను. పది లెక్కపెట్టాను, ఇరవై లెక్కపెట్టాను. వేడో చల్లనో ఆ వేళ్ళు చెప్పలేదు. అరచేతి అంచు కూడా చెప్పలేదు.

అక్కడే పొయ్యి పక్కన సంగటికుండ బోర్లించి ఉంది. దాన్ని చూశాక నాకు సంగతి అర్థమైంది. నా చెయ్యి గట్టిదని ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నారు. నేనూ నమ్మాను. ముద్దలు కట్టాక అరచేతి అంచున బొబ్బలు వస్తే పనిచేసే చేతికి అవి మామూలేననుకుని కొబ్బరినూనె రాసుకున్నాను. నిజానికి చేతికి వేడి తెలియడం మానేసి ఎన్నాళ్ళో అయింది. నాలుగో నవల తెరవకుండానే గ్రంథాలయానికి ఇచ్చేశాను.

మా వాళ్ళు తిరిగొచ్చాక చెప్తే, "నరాల బలహీనతలే, పంతులమ్మలకి రాసీ రాసీ అట్లనే అవతాది" అన్నాడు మా ఆయన. మా వీధిలో అందరూ వెళ్ళే డాక్టరు కూడా అదే అన్నాడు. రెండు నెలలు బలం ఇంజెక్షన్లు వేయించుకున్నాను. ఆ ఇంజెక్షన్లూ పెద్దగా నొప్పి పెట్టలేదని నవ్వుతూ చెప్పాను. అక్కడెవరికీ అనుమానం రాలేదు.

2000 జనవరిలో చిటికెనవేలు లోపలికి వంగడం మొదలైంది. బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క జారిపోయేది. తిమ్మిరికి చర్మం డాక్టరును చూడమని తోటి టీచరు అంటే, ఒకరోజు సెలవు పెట్టి ఒక్కదాన్నే మదనపల్లెలో చర్మవైద్యుడి దగ్గరికి వెళ్ళాను.

వరండాలో బెంచీ మీద పెద్దపంజాణి నుంచి వచ్చిన ఒకావిడ నా పక్కన కూర్చుంది. నడివయసు, కూలిపని చేసుకునే మనిషి. కాలికి గుడ్డకట్టు. నేను అడక్కుండానే మొదలుపెట్టింది.

"నాకు కాలుమా. సెప్పు యాడ జారిపొయ్యిందో తెలీదు. ఒంటి సెప్పుతోనే బస్టాండు దాకా నడిసినా. కండక్టరు నగతా ఉంటే యాల నగతాడోనని సూసుకుంటి. నీకేందిమా?"

"చెయ్యి తిమ్మిరి," అన్నాను. ఆమె నా చేతివంక చూసి, ఇంకేమీ అడగలేదు.

లోపల డాక్టరు నా కళ్ళు మూసుకోమని దూదిపోచతో చేతి మీద తాకిస్తూ, ఎక్కడ తగిలితే అక్కడ వేలు పెట్టమన్నాడు. నేను పెడుతూ పోయాను. కళ్ళు తెరిచేసరికి పక్కనున్న నర్సు ముఖం మారిపోయి ఉంది. చాలా చోట్ల నేను వేలే పెట్టలేదట. మోచేతి వెనక నరాన్ని తడిమి చూపించాడు. తాడులాగా ఉబ్బి ఉంది. జాకెట్టు చెయ్యి పైకి లాగి చూస్తే జబ్బ వెనక, నాకెప్పుడూ కనబడని చోట, పాలిపోయిన మచ్చ.

"చేతికి వేడి తెలియడం లేదని ఎప్పట్నించి తెలుసు మీకు?" అని అడిగాడు.

"ఇంట్లో అందరికీ తెలుసు సార్. రెండేళ్ళుగా మెచ్చుకుంటా ఉండారు," అన్నాను.

ఆయన పెన్ను బల్ల మీద పెట్టేశాడు. జబ్బు పేరు చెప్పాడు. కుష్టు.

తర్వాత ఆయన చెప్పినవి సగం వినబడలేదు. మందులు ఉచితం, ఏడాది వాడితే పూర్తిగా నయమవుతుంది, మందు మొదలుపెట్టాక ఇంకొకరికి అంటదు, విడిగా కంచాలూ పక్కలూ అక్కర్లేదు, బిడ్డను ఎప్పట్లాగే దగ్గర పెట్టుకోవచ్చు. ఆఖరి మాట మాత్రం రెండుసార్లు అన్నాడు. ఆ రెండుసార్లూ నాకు వినబడింది. అయినా నేనేం చేశానో తర్వాత చెప్తాను.

బయటికొచ్చి బెంచీ మీద కూలబడ్డాను. దేవుడు నన్ను ఏ తప్పుకు పట్టుకున్నాడని ఏడుస్తున్నాను. పెద్దపంజాణి ఆవిడ నలుగురూ చూస్తుండగా నా కుడిచెయ్యి తీసుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

"నేను మొగుడికి సెప్పకుండా మూణ్ణెల్లు ఏడిస్తి. వాడికి తెలిసినాక ఈ కాలికి రోజూ వాడే నూనె పూస్తాండాడు. నువ్వు తొందరగా సెప్పెయ్‌మా. దాంచిపెట్టద్దు."

ఆమె పేరు అడగలేదు. మళ్ళీ ఎన్నడూ కనబడలేదు. ఇప్పుడు దొరికితే కాళ్ళకు మొక్కుతాను.

ఆమె మాట విని ఆ సాయంత్రమే చెప్పేశాను. అత్త గోడకు చేరగిలబడి చెంగు నోట్లో కుక్కుకుంది. మరుసటి వారం అందరినీ మదనపల్లె తీసుకుపోయి పరీక్ష చేయించాం. ఎవరికీ ఏమీ లేదు. హేమకు కూడా లేదని డాక్టరు తన నోటితోనే చెప్పాడు. ఇక గండం గడిచిందనుకున్నాను.

బస్సు దిగి ఇంటికి రాగానే అత్త నన్ను కూర్చోబెట్టింది.

"నేను నిన్నేమీ అనను మే. నీ తప్పేమీ లేదని నాకు తెలుసు. మా సిన్నప్పుడు కలికిరి పక్కన మా వూళ్ళో పెద్దరోగం వొచ్చినోణ్ణి వూరి బయట పాకలో పెట్టినారు. వాని బిడ్డలతో ఎవురూ ఆడుకోలే. బడికి పోతే ఇంటికి తరిమినారు. అది నా కండ్లతో సూసినా. హేమకి అట్ల కాకూడదు. నేను దాన్ని పిల్సుకోని కుప్పం పోతాను. ఏడాది గిరిజ కాడ ఉంటాము. నీకు బాగయినాక వొస్తాము."

"డాక్టరు అంటదన్నాడు కదత్తా."

"డాక్టరు సెప్తాడు. వూరు వింటాదా?"

మా ఆయన వైపు చూశాను. "ఏడాదే కదా శారదా," అన్నాడు.

నేను చదువుకున్నదాన్ని. పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. డాక్టరు రెండుసార్లు చెప్పిన మాట చెవిలో మోగుతోంది. అయినా తల ఊపాను. నన్ను ఎవరూ కొట్టలేదు, బలవంతపెట్టలేదు. నా చేతిని నేనే చూసుకుని అసహ్యించుకుంటున్నాను కాబట్టి, ఆ చేతికి దూరంగా ఉంటేనే నా బిడ్డ బాగుంటుందని నాకే అనిపించింది. ఇది చదివే వాళ్ళకు నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. జబ్బు కంటే ముందు ఆ సిగ్గుకు మందు వేసుకోండి. అమ్మ చెయ్యికి నరాల జబ్బని, మదనపల్లెలో వైద్యమని హేమకు చెప్పాం. బస్సు కిటికీలోంచి చెయ్యి చాపింది. అందుకోవడానికి కుడిచెయ్యి ఎత్తి, మళ్ళీ దించేసి, ఎడమచెయ్యి ఇచ్చాను.

ఆ ఏడాదంతా మాత్రలు. పుంగనూరులో ఆ మందులిచ్చే ఉద్యోగి రెడ్డెప్ప. నన్ను ఆసుపత్రి వరసలో నిలబడనివ్వలేదు. "టీచరమ్మా, మీరు రావద్దు. నేనే వొస్తాను. పరీక్ష పేపర్ల మాదిరి కవర్లో పెట్టుకోనొస్తాను, ఎవురికీ అనుమానం రాదు," అన్నాడు. నెలకోసారి ఆ నెలకు సరిపడా మాత్రల ప్యాకెట్టు తెచ్చి, ఆ రోజు వేసుకోవాల్సిన మాత్రలు తన ఎదుటే మింగించి, నేనిచ్చిన కాఫీ మొత్తం తాగి పోయేవాడు. ఆ కాఫీ తాగడమే నాకు సగం మందు. మాత్రలకు మొదటిసారి ఒంటేలు ఎర్రగా వచ్చి హడలిపోయాను. ఒళ్ళు నల్లబడింది. "ఎండలో తిరగతా ఉండావా టీచరమ్మా?" అని ఎదురింటావిడ అడిగితే, అవునన్నాను. వేళ్ళకు నూనె రాసి ఒక్కొక్కటే సాగదీసుకునేదాన్ని. పొయ్యి దగ్గర గుడ్డ లేకుండా గిన్నె ముట్టుకోవడం మానేశాను.

కుప్పం రెండుసార్లు వెళ్ళాను. గిరిజ నన్ను లోపలికి రావద్దని అనలేదు. వరండాలో కుర్చీ వేసింది, అంతే. అందరికీ స్టీలు గ్లాసుల్లో కాఫీ, నాకు ప్లాస్టిక్ కప్పులో. హేమ గుమ్మంలో నిలబడి నా చేతినే చూస్తూ ఉండేది. రా అంటే వాళ్ళ అత్త ముఖం చూసేది. రెండోసారి తిరుగు బస్సులో పలమనేరు వచ్చేదాకా ఏడ్చాను. ఆ తర్వాత వెళ్ళలేదు. ఆదివారాలు ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేసేదాన్ని.

"బాగుండావా?"

"ఊ."

"నామీద కోపమా?"

"లేదుమా. ఇంకా ఎన్ని ప్యాకెట్లు ఉండాయి?"

ఇంక ఐదు, ఇంక నాలుగు అని చెప్పేదాన్ని. పన్నెండో ప్యాకెట్టు 2001 జనవరి చివర అయిపోయింది. డాక్టరు చూసి, ఇక మందులు అక్కర్లేదన్నాడు. చిటికెనవేలు ఆ వంపుతోనే ఉంటుంది, స్పర్శ కొంత వచ్చింది, అంతా రాకపోవచ్చునన్నాడు. నేను ఆసుపత్రి నుంచి ఇంటికి రాకుండా అక్కణ్ణించే కుప్పం బస్సెక్కాను.

నేను చేరేటప్పటికి సాయంత్రం నాలుగున్నరయింది. గిరిజ ఎప్పట్లాగే వరండాలో కుర్చీ లాగింది. "ఇంకో రెండు నెల్లు ఈడే ఉండనీ వదినా. పరీక్షలు అయిపోనీ. పిల్ల ఈడ అలవాటు పడిపొయ్యింది," అంది. నేను కూర్చోలేదు. డాక్టరు కాగితం ఆమె చేతిలో పెట్టి, చెప్పులు విప్పి లోపలికి నడిచాను. అత్త వంటింట్లోంచి చూసింది.

హేమ అప్పుడే బడి నుంచి వచ్చింది. ఆరో తరగతి. నాకు భుజం దాకా వచ్చేసింది. కాసేపు బెరుగ్గా నిలబడి, తర్వాత నా నడుమును గట్టిగా పట్టుకుంది. యూనిఫారం మార్చుకోమని పొడుగు చేతుల చొక్కా నేనే విప్పాను. ఎడమచేతి మీద, మణికట్టు నుంచి మోచేతి దాకా, వరసగా చిన్న చిన్న చుక్కలు. కొన్ని పాతవి, నల్లగా పక్కులు కట్టాయి. కొన్ని ఎర్రగా ఉన్నాయి. మచ్చలేమోనని వెలుతురులోకి లాక్కుపోయి చూశాను. అవి పొడిచిన గాట్లు.

"ఏందమ్మా ఇది? ఎవురు గుచ్చినారు?"

"నేనే. జామెట్రీ బాక్సులో కంపాసుతో."

"యాల?"

వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"నీకు గుచ్చినా తెలీదని గిరిజత్త అవ్వతో సెప్తా ఉంటే విన్యాను. నాగ్గూడా తెలీకుండా పోతే నన్ను ఈడ పెట్టుకోరు గదా. నీకాడికి పంపించేస్తారు." చొక్కా అంచును నలుపుతూ నిలబడింది. "బడి నించి వొచ్చి రోజూ సూస్తాండానుమా. రోజూ నొస్తానే ఉండాది," అని, పరీక్ష తప్పినదానిలా తల దించుకుంది.